కర్నల్ గారి నోటుబుక్కులో లేని రూలు

ఎదురింటివాళ్లు నిన్న కిటికీ ఊచలకు రంగు వేయించుకున్నారు. ఎనామిల్ పెయింటు, అందులో కలిపే తార్పిన్ నూనె వాసన మధ్యాహ్నానికల్లా మా వంటింట్లోకి వచ్చేసింది. కోడలు ముక్కుకు కొంగు అడ్డం పెట్టుకుని తలుపులు వేసేసింది. నేను కందిపప్పు ఏరుతున్నాను. ఆ వాసన తగిలితే నాకు ఒక భోజనాల బల్ల, దాని మీద పరిచిన మిలిటరీ కంబళి, కంబళి మీద బొటనవేలంత ఎత్తున నిలబడ్డ సీసం సిపాయిలు కనిపిస్తాయి. ఆ సిపాయిలను పోతపోసి, రంగులు వేసి, వాళ్లతో యుద్ధాలు చేయించిన మనిషి పోయి చాలా ఏళ్లయింది. ఆయన గురించి మా అమ్మాయికి కొంత తెలుసు, మనవలకు ఏమీ తెలియదు. నేను నాలుగో తరగతితో బడి మానేసినదాన్ని. ఈ మాత్రం రాయగలుగుతున్నానంటే అదీ ఆయన చలవే కాబట్టి రాస్తున్నాను.

తొంభైల మొదట్లో మా ఆయన సైన్యంలో హవల్దారుగా రిటైరయ్యారు. పల్టన్‌లో వైర్‌లెస్ సెట్టు మోసే పని ఆయనది. అదే పల్టన్‌కు కమాండింగ్ ఆఫీసరుగా చేసినవారు కర్నల్ వెంకట్రాజు గారు. కాకినాడ వైపు మనిషి. భార్య పోయారు, కొడుకు బొంబాయిలో ఉద్యోగం. ఢిల్లీలో ధౌలా కువాన్‌కు కాస్త అవతల ఆయన ఇల్లు. మేడ మీద ఉన్న ఒంటి గదిని అక్కడ బర్సాతీ అంటారు, అది మాకిచ్చారు. కిరాయి లేదు, బదులుగా కింద ఆయనకు వంట నేను చేయాలి. మా ఆయన ఒక బ్యాంకు ముందు తుపాకీ పట్టుకుని కాపలా ఉద్యోగంలో చేరారు. మా అబ్బాయి ఊళ్లో అత్తగారి దగ్గర పెరుగుతున్నాడు. మా అమ్మాయి జానకి పదో తరగతిలోకి వచ్చింది. దాని బడి నడిచి వెళ్లేంత దూరంలో ఉంది.

ఆ ఏడాది చలికాలంలోనే బొంబాయి నుంచి ఉత్తరం వచ్చింది. బర్సాతీని ఎవరైనా ఆఫీసువాళ్లకు అద్దెకివ్వమనీ, ఫిబ్రవరి ఆఖరుకల్లా ఏదో ఒకటి తేల్చమనీ కొడుకు రాశాడు. కర్నల్ గారు ఆ సంగతి దాచకుండా మా ఆయనకు చెప్పి, "ఆలోచిస్తాను సింహాచలం" అన్నారు. జానకి పరీక్షలు మార్చిలో. ఖాళీ చేయాల్సివస్తే మాకు దొరికేది ఘాజియాబాద్ అవతల ఎక్కడో, బడికి రెండు బస్సులు మారాలి. పరీక్షల ముందు ఆ పిల్లను అలా తిప్పితే ఏమవుతుందో నాకు తెలుసు. నా చదువు నాలుగో తరగతిలో ఆగింది కూడా ఇల్లు మారినప్పుడే. అందుకని ఆ రెండు నెలలు నేను ఆ ఇంట్లో గిన్నె చప్పుడు కూడా కానివ్వకుండా మసిలాను.

ఆయన బల్ల జోలికి నేను మొదట వెళ్లింది దుమ్ము దులపడానికి. కంబళి కింద పుస్తకాలు దొంతర పెట్టి గుట్టలు చేశారు. నీలం రిబ్బను నది. అగ్గిపుల్లలు అతికించి వంతెన. సిపాయిలందరినీ పళ్లెంలోకి తీసి, కంబళి దులిపి, మళ్లీ నిలబెడుతుంటే ఆయన వచ్చారు.

"ఏం చేస్తున్నావమ్మా? ఆట సగంలో ఉంది!"

"ఎక్కడివాళ్లను అక్కడే పెడుతున్నాను సార్."

ఆయన నమ్మలేదు. తన నోటుబుక్కులో గీసుకున్న పటం తెచ్చి ఒక్కొక్క బొమ్మనూ సరిచూశారు. ఒక్కటి కూడా తప్పలేదు. ఎలా గుర్తుందని అడిగారు. మా ఇంట్లో బియ్యం డబ్బాలో బియ్యం మీద వేలితో ఒక గుర్తు పెట్టి మూత వేస్తాను, ఎవరు ఎంత తీసినా నాకు తెలిసిపోతుంది, ఇదీ అలాగే చూసి పెట్టుకున్నానని చెప్పాను. ఆయన నవ్వలేదు. "అచ్ఛా" అని మాత్రం అన్నారు.

ఆట నాకు అలా చూస్తూ చూస్తూ అర్థమైంది. ఆడే ఇద్దరికీ వందేసి మార్కులు. సిపాయికి రెండు, మెషిన్‌గన్‌కు ఎనిమిది, కమాండర్‌కు ముప్ఫై. వంద దాటకుండా ఎవరి సైన్యం వాళ్లు ఏరుకోవాలి. స్కేలుతో కొలిచి నడపాలి, పాచిక వేసి కాల్చాలి. వంతెన పట్టుకున్నవాడు గెలిచినట్టు. ఒక గుంపులో సగంమంది పడిపోతే మళ్లీ పాచిక వేయాలి. నాలుగుకు తక్కువ పడితే మిగిలినవాళ్లు వెనక్కి పరుగెత్తుతారు. అయితే కమాండర్ బొమ్మకు స్కేలు దూరం లోపల ఉన్నవాళ్లకు ఆ పాచిక అక్కర్లేదు, వాళ్లు చస్తారే గాని కదలరు. ఆ కమాండర్ దుర్భిణీ పట్టుకుని ఉంటాడు, కాలరుకు ఆఫీసర్ల ఎర్ర పట్టీ. దానికి రంగు వేయడానికే కర్నల్ గారికి రెండు రోజులు పట్టిందట.

ఘాజియాబాద్‌లో ప్లాస్టిక్ బొమ్మల ఫ్యాక్టరీ ఉన్న గుప్తాజీ అనే ఆయన ఈ ఆటను డబ్బాల్లో పెట్టి వేసవి సెలవులకు బజారులోకి తెస్తానన్నాడు. ఫిబ్రవరిలో వచ్చి రూళ్ల పుస్తకం తీసుకెళతాడు. అందుకని ప్రతి ఆదివారం మధ్యాహ్నం మా ఆయనను కూర్చోబెట్టి కర్నల్ గారు ఆడేవారు. కమాండర్ ఎప్పుడూ కర్నల్ గారి వైపే. ప్రతి ఆదివారం మా ఆయన ఓడిపోయేవారు.

ఒక ఆదివారం టీ తీసుకుని వెళ్లాను. మా ఆయన మెషిన్‌గన్‌కు నేరుగా ఎదురుగా కమాండర్ ఉన్నాడు, అడ్డం ఎవరూ లేరు. మా ఆయన వేలు ఆ వైపు వెళ్లి, పక్కకు జరిగి, ఎందుకూ కొరగాని ఒక సిపాయి మీద ఆగింది. నా నోటి నుంచి "అయ్యో" అని వచ్చేసింది. మెట్లెక్కుతుంటే అడిగాను.

"ఎదురుగా కమాండరుంటే పక్కవాణ్ణి కాలుస్తారేం?"

"అది సాబ్ బొమ్మే. సాబ్ మీద కాల్చమంటావేటి?"

"సీసం ముక్కండీ అది."

"నీకు సీసం. ఎర్ర పట్టీ చూసినాక నా చెయ్యి ఆడదు. నువ్వూరుకో, గది సంగతి తేలేవరకు నోరు మెదపకు."

నేను నోరు మెదపలేదు. మరుసటి ఆదివారం ఆట అయ్యాక కర్నల్ గారు చాలా సంతోషంగా ఉన్నారు. ఇరవై ఆటల్లో ఒక్కసారి కూడా కమాండర్ పడలేదనీ, ముప్ఫై మార్కులు సరైన ఖరీదేననీ నోటుబుక్కులో రాసుకున్నారు. పళ్లాలు తీస్తున్న నన్ను చూసి, "అమ్మా, నువ్వూ చూస్తున్నావుగా. ఈ కమాండర్ రూలు ఎలా ఉంది?" అన్నారు.

మా ఆయన గోడవైపు చూస్తున్నారు. నాకు జానకి పుస్తకాల సంచీ కళ్లముందు కనిపించింది.

"చాలా బాగుంది సార్."

ఆయన కలం మూత పెట్టారు. "నువ్వు నా మొహం చూసి చెప్పావు. బల్ల చూసి చెప్పు."

"నాకేం తెలుసు సార్."

"తెలియనిదానివి ఆ రోజు అయ్యో అన్నావెందుకు?"

విన్నారన్నమాట. ఆయన గొంతు పెంచలేదు. "ఒక రూలు మంచిదో కాదో తెలియాలంటే అది ఉంచి ఒకసారి, తీసేసి ఒకసారి ఆడాలి. మెచ్చుకుంటే తెలియదు. వచ్చే ఆదివారం సింహాచలం కూర్చోడు, నువ్వు కూర్చుంటావు. ఇది ఆర్డర్" అని లేచి వెళ్లిపోయారు.

ఆదివారం పొద్దున మా ఆయన బూట్లు తుడుచుకుంటూ అన్నారు: "ఓడిపో. నీకేటి పోయింది? ఆడదానివి, తెలీకోడిపోనావని నవ్వుకుంటారు."

"ఆయన పనిగట్టుకుని అడిగారు కదండీ."

"పెద్దోళ్లు అలాగే అడుగుతారు. నిజం చెప్పమన్నోడికల్లా నిజం చెప్తే నా నౌకరీ పాతికేళ్లు సాగేదేటి?"

నేను నిజంగానే ఓడిపోదామనుకుని కిందికి దిగాను. కానీ వంద మార్కులు చేతికిచ్చి సైన్యం ఏరుకోమన్నాక నా బుద్ధి నా మాట వినలేదు. సంతలో అడ్డదిడ్డంగా కొనడం నా వల్ల కాదు. ముప్ఫై నాలుగుమంది సిపాయిలను, నాలుగు మెషిన్‌గన్‌లను తీసుకున్నాను.

"కమాండర్ వద్దా?"

"ఆయన ఖరీదుకు పదిహేనుమంది వస్తారు సార్. ఒక్కడికెందుకు పెట్టడం?"

కర్నల్ గారు నవ్వారు. ఆ నవ్వు అరగంటలో నాకు అర్థమైంది. నా గుంపు ఒకటి సగం కాగానే పాచిక రెండు పడింది, మిగిలినవాళ్లు నది దాకా పారిపోయారు. రెండో గుంపూ అంతే. ఆయనవాళ్లు మాత్రం ముగ్గురు మిగిలినా, ఇద్దరు మిగిలినా రాయిలా నిలబడ్డారు. ఆ బొమ్మ విలువ అప్పుడు తెలిసింది. అది ఉత్త అలంకారం కాదు. కానీ ఇంకోటి కూడా కనిపించింది. స్కేలు దూరం దాటితే ధైర్యం పోతుందని ఆయన తన మనుషులందరినీ కమాండర్ చుట్టూనే పోగేశారు. వంతెన దగ్గర ఇద్దరే ఉన్నారు. ఎవరూ ఇంతవరకు ఆ బొమ్మ మీదకు రాలేదు కాబట్టి, కమాండర్ ముందు అడ్డంగా ఒక్కణ్ణి కూడా నిలబెట్టలేదు.

నా నాలుగు మెషిన్‌గన్‌లలో మూడింటికి అతను కనబడుతున్నాడు.

వెనకనుంచి మా ఆయన ఊపిరి వినిపిస్తోంది. "ఆ పక్కోణ్ణి కొట్టు" అన్నారు మెల్లగా, హెచ్చరికలా. నేను కర్నల్ గారి మొహం చూడలేదు. చూస్తే చేయలేనని తెలుసు. కంబళివైపే చూస్తూ, "కమాండర్ మీద సార్" అన్నాను.

"దూరం ఎక్కువ. ఆరు పడాలి."

మొదటి గన్‌కు నాలుగు పడింది. రెండోదానికి రెండు. మూడోసారి పాచిక కంబళి ముడతలో ఆగింది. ఆరు.

కర్నల్ గారు తానే చెయ్యి చాచి ఆ బొమ్మను పక్కకు పడుకోబెట్టారు. నాకు భయమేసి, ఏదో ఒకటి అనాలని, "ఇప్పుడు ఈయన చుట్టూ ఉన్నవాళ్లు ఏం చేయాలి సార్?" అన్నాను.

ఆయన నోటుబుక్కు తెరిచారు. ఒక పేజీ తిప్పారు, ఇంకోటి తిప్పారు, మొదటికి వచ్చారు. వర్షం పడితే ఏం చేయాలో ఉంది, వంతెన కూలితే ఏం చేయాలో ఉంది. కమాండర్ పడిపోతే ఏం చేయాలో లేదు. ఇరవై ఆటల్లో దాని అవసరం రాలేదు, అందుకని ఆయన రాయలేదు. పుస్తకం మూశారు.

"ఇవాళ్టికి చాలు."

టీ తాగకుండానే లోపలికి వెళ్లారు.

తర్వాతి మూడు రోజులు ఆయన బల్ల దగ్గరకు రాలేదు. పళ్లెం సగంతో తిరిగొచ్చేది. సోమవారం నేను గిన్నెలు కడుగుతుంటే ఆయన ఫోన్‌లో కొడుకుతో ఇంగ్లీషులో మాట్లాడుతున్నారు. నాకు అర్థమైనవి రెండే మాటలు, బర్సాతీ, మార్చి. చేతిలో గిన్నె జారింది. మంగళవారం మా ఆయన సెలవు పెట్టి ఘాజియాబాద్ వెళ్లి ఒక గది చూసొచ్చారు. కిటికీ లేదట. వస్తూనే అటక మీది ట్రంకుపెట్టె కిందికి దించారు. జానకి లెక్కల పుస్తకంలోంచి తలెత్తి, "మమ్మీ, హమ్ జా రహే హైఁ క్యా?" అంది, మనం వెళ్లిపోతున్నామా అని. నువ్వు లెక్కలు చూసుకో అని కసిరాను.

బుధవారం మధ్యాహ్నం గుప్తాజీ కారు వచ్చింది. కర్నల్ గారు మా ఇద్దరినీ కిందికి పిలిపించారు. వెళ్లిపొమ్మని చెప్పడానికే అనుకున్నాను. బయటి మనిషి ముందే చెబుతారేమో, పరువు పోతుందే అనుకుంటూ మెట్లు దిగాను.

గుప్తాజీ బల్ల దగ్గర నిలబడి రెండు సిపాయిలను అరచేతిలో పెట్టుకుని చూస్తున్నాడు. అచ్చులు తయారైపోయాయి, పుస్తకం ఇస్తే ప్రెస్సుకు పంపిస్తానన్నాడు. కర్నల్ గారు నోటుబుక్కు మీద చెయ్యి వేసి ఉంచారు.

"గుప్తాజీ, ఆట తయారు కాలేదు. ఒక రూలు లేదు."

సంగతి విని గుప్తాజీ నవ్వేశాడు. "బచ్చే ఖేలేంగే సాబ్. కౌన్ దేఖేగా?" పిల్లలాడే ఆటలో అది ఎవరు చూస్తారని.

కర్నల్ గారు వేలు నావైపు చూపించారు. "ఇన్హోఁనే దేఖా." ఈవిడ చూసిందని.

గుప్తాజీ నన్ను, నా చీర కొంగుకు అంటిన పిండిని చూశాడు. పుస్తకం ఈ వారం ఇవ్వకపోతే ఈ వేసవికి కుదరదన్నాడు. కర్నల్ గారు ఠీక్ హై అన్నారు. కారు వెళ్లిపోయింది. ఆ మనిషి మళ్లీ రాలేదు, ఆ ఆట ఏ బజారులోకీ పోలేదు.

తలుపు వేసి వచ్చి ఆయన మా ఎదురుగా కూర్చున్నారు. "గది సంగతి సోమవారమే మావాడికి చెప్పేశాను. మార్చి వరకే కాదు, పిల్ల చదువయ్యేవరకు మీరు ఇక్కడే ఉంటారు."

నాకు ఏడుపు రావాలి, కోపం వచ్చింది. "సోమవారమే చెప్పారా సార్? మేము పెట్టె సర్దుకున్నాం."

"ఆ మాట మీకు వెంటనే చెప్పాల్సింది. తప్పు నాదే, నోరు రాలేదు." మా ఆయనవైపు తిరిగారు. "ఇరవై ఆటలు గెలిచాననుకున్నాను. నువ్వు గెలిపిస్తున్నావని తెలియలేదు. పల్టన్‌లో ఇంకెన్నిసార్లు ఇలా జరిగిందోనని మూడు రోజులుగా ఆలోచిస్తున్నాను, సింహాచలం."

మా ఆయన అటెన్షన్‌లో నిలబడిపోయారు. "ఓసారి జరిగింది సాబ్" అన్నారు. "కొండమీద మన కెప్టెన్ సాబ్ పడిపోయిన రోజు. మీరు కింద హెడ్‌క్వార్టర్‌లో ఉన్నారు. అందరం నిలబడ్డామని మీకు చెప్పాం. అందరం నిలబడలేదు."

"చెప్పు."

"నాయక్ బల్వంత్ అరుస్తూనే ఉన్నాడు. ఆడి గొంతు వినబడినంత మేర కుర్రోళ్లు నిలబడ్డారు. వినబడనోళ్లు దిగిపోనారు. నానూ దిగిపోనాను సాబ్, కొంతదూరం. వీపు మీద సెట్టుందని గుర్తొచ్చి మళ్లీ ఎక్కినాను."

ఇరవై ఏళ్ల కాపురంలో ఆ మాట నాకు తెలియదు. కర్నల్ గారు తలెత్తలేదు. నోటుబుక్కు తెరిచి, "అతని గొంతు ఎంతదూరం వినిపించింది?" అని అడిగారు.

"కెప్టెన్ సాబ్ గొంతులో సగం దూరం, సాబ్."

ఆయన రాశారు. ఆట మొదలయ్యేముందే ప్రతివాడూ తన కమాండర్ తర్వాత సైన్యాన్ని నడిపేదెవరో ఒక చీటీ మీద రాసి మడిచి పెట్టాలి. కమాండర్ పడిపోతే చీటీ విప్పాలి. ఆ రెండోవాడికి అర స్కేలు లోపల ఉన్నవాళ్లు నిలబడతారు, మిగిలినవాళ్లు పాచిక వేయాలి. రాశాక పుస్తకం నావైపు తిప్పి, "ఇది కూడా ఆడి చూడాలి" అన్నారు.

తర్వాత ఆరేళ్లు ఆదివారాలు మేము అదే చేశాం. కమాండర్ ఖరీదు ముప్ఫై నుంచి ఇరవై రెండుకు దింపాం. నా అభిప్రాయాలు తెలుగులో నా చేతే రాయించేవారు. ఒత్తులు తప్పితే ఊరుకునేవారు, 'బాగుంది' అని రాస్తే మాత్రం కొట్టేసేవారు. ఎక్కడ, ఎందుకు బాగుందో రాయమనేవారు. మా ఆయన కూడా నెమ్మదిగా కాల్చడం నేర్చుకున్నారు. మొదటిసారి కమాండర్‌ను పడగొట్టిన రోజు మెట్లమీద నాతో, "చెయ్యి వణికిందే" అన్నారు. జానకి చదువయ్యేదాకా ఆ గదిలోనే ఉన్నాం.

ఆఖరిరోజుల్లో కర్నల్ గారు మిలిటరీ ఆసుపత్రిలో ఉన్నారు. నేను రోజూ జావ పట్టుకెళ్లేదాన్ని. డాక్టర్లు, నర్సులు, చూడవచ్చిన పాత ఆఫీసర్లు అందరూ చాలా బాగున్నారనే చెప్పేవారు. ఒక సాయంత్రం అందరూ వెళ్లాక ఆయన నన్ను దగ్గరకు రమ్మన్నారు.

"పార్వతమ్మా, ఎలా ఉన్నాను?"

ఆ మనిషికి ఆ మాట చెప్పడం కన్నా ఇల్లు ఖాళీ చేయడమే తేలికనిపించింది.

"బాగాలేరు సార్. పోయిన వారంకన్నా తగ్గారు. అబ్బాయిని రమ్మనండి."

"ఠీక్ హై. ఫోన్ చేయించు" అన్నారు. కొడుకు మర్నాడు వచ్చాడు. తండ్రీకొడుకులకు రెండు రోజులు దొరికాయి.

మా ఆయనా పోయారు, ఇప్పుడు ఇంటికి పెద్ద నేనే. నా నోరు మంచిది కాదు, నా పొదుపు అంటే అందరికీ హడల్. పోయిన నెల మనవరాలిని హాస్టల్‌లో వేయడం దండగ అని తేల్చేశాను. కొడుకు "సరేనమ్మా" అన్నాడు, కోడలు "మీ ఇష్టం అత్తయ్యా" అంది. ఎవరూ ఎదురు చెప్పలేదు. ఎవరూ ఎదురు చెప్పలేదన్న సంగతి పప్పులో రాయిలా పంటికి తగిలింది. మర్నాడు కోడలిని కూర్చోబెట్టి, నా లెక్కలో తప్పెక్కడుందో చెప్పమన్నాను. ఏమీ లేదత్తయ్యా అంది. తప్పు చెప్పేదాకా లేవనివ్వనన్నాను. చాలాసేపు కొంగు మెలితిప్పుకుని, చివరికి చెప్పింది. ఒకటి అడిగితే నాలుగు చెప్పింది. వినడం కష్టమైంది. విన్నాను.